ఒక్క పోర్షన్ కిరాయికి ఇచ్చే ముందు: సికింద్రాబాద్ లబ్ధిదారులకు తెలియాల్సిన విషయాలు

ఈ పాఠం ఎవరి కోసం?

చిలకలగూడ, వారాసిగూడ, బోయిగూడ, మారేడ్‌పల్లి, లాలాగూడ, రసూల్‌పుర బస్తీల్లో అరవై, డెబ్బై గజాల సొంత ఇల్లు ఉండి, అందులో ఒక గది గానీ ఒక పోర్షన్ గానీ కిరాయికి ఇచ్చేవాళ్ల కోసం. మీలో చాలామంది ఆసరా పింఛన్ తీసుకుంటున్నారు, రేషన్ కార్డు ఉంది, గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది. నెల నెలా వచ్చే ఆ కిరాయే మీకు రెండో పింఛన్.

కానీ ఆ రెండో పింఛన్‌కు కాగితం ఉందా అని అడిగితే, "నోటి మాట మీద పదేండ్ల సంది ఇస్తున్నం, ఏం గాలే" అంటారు. ఏం కానంత వరకు బాగానే ఉంటుంది. కిరాయి ఆగినా, ఖాళీ చేయమన్నా, నిప్పంటుకున్నా, నాలా నీళ్లు లోపలికి వచ్చినా అప్పుడు కాగితం వెతుకుతాం. అప్పుడు వెతికితే దొరకదు. ముందే రాసి పెట్టుకోవాలి. ఈ పాఠంలో చెప్పేదంతా ఈ ఒక్క మాట కోసమే.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. వారాసిగూడలో 70 గజాల ఇల్లు ఉన్న ఒక ఒంటరి పెద్దమ్మ అనుకోండి. వితంతు పింఛన్ నెలకు 2,016 రూపాయలు వస్తుంది. పైపోర్షన్ నెలకు 6,500 రూపాయలకు కిరాయికి ఇవ్వాలని చూస్తోంది. ఆమె ఏమేం చూసుకోవాలో వరుసగా చదవండి.

1. ఆ ఇల్లు కిరాయికి ఇవ్వొచ్చా?

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. మీ సొంత పట్టా లేదా రిజిస్టర్డ్ దస్తావేజు ఉన్న ఇల్లు అయితే ఇవ్వొచ్చు. ప్రభుత్వం ఇచ్చిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు అయితే ఇవ్వకూడదు.

మన బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీ అందరికీ తెలిసిందే. 2015 నవంబర్‌లో అక్కడ 396 ఇండ్లు పేదలకు ఇచ్చారు. రాష్ట్రంలో డబుల్ బెడ్‌రూమ్ పథకానికి మొదటి కాలనీ అదే.  ఇలాంటి ఇండ్లు లబ్ధిదారుల కుటుంబం ఉండడానికి ఇచ్చినవి. అమ్మకూడదు, కిరాయికి ఇవ్వకూడదు. ఎవరు ఉంటున్నారో చూడడానికి అధికారులు తనిఖీకి వస్తారు. వేరేవాళ్లు ఉంటున్నట్టు తేలితే కేటాయింపు రద్దయ్యే ప్రమాదం ఉంది. నెలకు ఐదారు వేల కోసం లక్షల విలువైన ఇల్లు పోగొట్టుకోవద్దు.

కిరాయికి తీసుకునేవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. "డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు చవకగా కిరాయికి ఉంది" అని ఎవరైనా అంటే అడ్వాన్స్ ఇవ్వకండి. ఇల్లు రద్దయిన రోజు మీ అడ్వాన్స్‌కు దిక్కు ఉండదు.

ఇంకో మాట. ఇల్లు చనిపోయిన భర్త పేరు మీదో, తండ్రి పేరు మీదో అలాగే ఉండిపోతే ముందు పేరు మార్పిడి చేయించుకోండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, ఇంటి పన్ను రికార్డులో పేరు మార్చమని దరఖాస్తు పెట్టండి. మీతో పాటు పిల్లలకూ హక్కు ఉంటే, కిరాయి కాగితం మీద వాళ్ల సంతకాలు కూడా పెట్టించండి. రేపు అన్నదమ్ముల మధ్య తగాదా వస్తే కిరాయిదారు "ఎవరికి కట్టాలో తెల్వక ఆపిన" అనే అవకాశం ఉండదు.

2. కిరాయి వస్తే పింఛన్, రేషన్ కార్డు పోతాయా?

చాలామంది ఈ భయంతోనే కాగితం రాసుకోరు. భయం అక్కర్లేదు, లెక్క తెలిస్తే చాలు.

పట్టణ ప్రాంతాల్లో కుటుంబ వార్షిక ఆదాయ పరిమితి 2 లక్షల రూపాయలు. పల్లెల్లో లక్షన్నర. కిరాయి కూడా ఆదాయమే. మన ఉదాహరణలో నెలకు 6,500 అంటే ఏడాదికి 78,000. ఇంట్లో వేరే సంపాదన లేకపోతే పరిమితికి చాలా తక్కువ. అదే ఇంట్లో మూడు పోర్షన్లు ఇచ్చి నెలకు 20,000 వస్తుంటే, ఏడాదికి 2,40,000 అవుతుంది. అప్పుడు పరిమితి దాటినట్టే. ఆదాయం ఒక్కటే కాదు, మిగతా అర్హతలు కూడా చూస్తారు.

కిరాయిని దాచిపెట్టి లాభం లేదు. ఆదాయ ధ్రువీకరణ అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచినందుకు కాగితం లేకపోతే, రేపు కిరాయిదారు కట్టనప్పుడు మీరు అడగడానికి ఆధారం ఉండదు.

3. కరెంటు మీటరు, గృహజ్యోతి

గృహజ్యోతి పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. మార్చి నుంచి జీరో బిల్లులు వచ్చాయి. నెలకు 200 యూనిట్ల లోపు వాడే, రేషన్ కార్డు ఉన్న ఇంటికి బిల్లు ఉండదు. కిరాయికి ఉండేవాళ్లకు కూడా ఈ పథకం వర్తిస్తుంది. రేషన్ కార్డు, ఆధార్, కరెంటు బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు కలిపి నమోదు చేస్తారు. ఒక కుటుంబానికి ఒక మీటరు.

తగాదాలు ఇక్కడే మొదలవుతాయి. రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే ఏమవుతుందో చూడండి:

మీరు వాడింది 110 యూనిట్లు.
కిరాయిదారు వాడింది 120 యూనిట్లు.
మీటరు మీద మొత్తం 230 యూనిట్లు.

విడివిడిగా చూస్తే ఇద్దరూ 200 లోపే. కానీ మీటరు ఒక్కటే కాబట్టి 200 దాటినట్టు లెక్క. ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే, పైన ఉన్న 30 యూనిట్లకు మాత్రమే కాదు. అందుకని కిరాయికి ఇచ్చే పోర్షన్‌కు వేరే మీటరు పెట్టించండి. మధ్యలో సొంతంగా పెట్టుకునే సబ్ మీటరు మీ ఇద్దరి లెక్కకు పనికొస్తుంది గానీ, జీరో బిల్లుకు పనికిరాదు. కరెంటు ఆఫీసు ఇచ్చిన మీటరే కావాలి.

వేరే మీటరు పెట్టించాక మూడు విషయాలు గుర్తుంచుకోండి:

ఒకటి: ఆ మీటరుకు కిరాయిదారు తన రేషన్ కార్డు జత చేసుకోవచ్చు. దానికి అడ్డు చెప్పకండి. ఆయన కార్డు జత అయినంత మాత్రాన మీటరు ఆయనది కాదు, ఇల్లు అంతకన్నా కాదు. కనెక్షన్ మీ పేరు మీదే ఉంటుంది.

రెండు: కిరాయిదారు ఖాళీ చేసేటప్పుడు తన కార్డును ఆ నంబరు నుంచి తీయించుకోమనండి. కరెంటు ఆఫీసులో గానీ, ప్రజాపాలన సేవా కేంద్రంలో గానీ అడగాలి. తీయకుండా వెళ్లిపోతే కొత్త ఇంట్లో ఆయనకు, ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లకు ఇద్దరికీ ఇబ్బంది.

మూడు: కిరాయిదారుకు జీరో బిల్లు వస్తుంటే, "కరెంటుకు నెలకు ఐదు వందలు" అని వసూలు చేయకండి. ఆ రాయితీ ఆ కుటుంబానిది. న్యాయం కాదు, పైగా తగాదాకు మొదటి మెట్టు అదే.

పోర్షన్‌లో టైలరింగ్ షాపో, కిరాణమో పెట్టుకుంటామంటే అది ఇంటి వాడకం కాదు. కనెక్షన్ కేటగిరీ మార్చాలి. మార్చకపోతే జరిమానా కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే, అంటే మీకే వస్తుంది.

నల్లా సంగతి కూడా చూడండి. నగరంలో ఇంటి నల్లాకు నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. బిల్లు మీద ఉండే క్యాన్ నంబరుకు ఆధార్ జత చేసి ఉండాలి. కిరాయిదారు వచ్చాక వాడకం పెరిగి బిల్లు వస్తే ఎవరు కట్టాలి? అది కూడా ముందే కాగితం మీద రాసుకోండి.

4. ఎవరికి ఇస్తున్నారు? దేనికి ఇస్తున్నారు?

2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని ఒక తుక్కు గోదాములో మంటలు వచ్చాయి. పైన పడుకున్న 11 మంది బీహార్ కార్మికులు చనిపోయారు. కింద సామాను, పైన మనుషులు, దిగడానికి ఒక్కటే దారి. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లోనే, కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలొచ్చి 8 మంది చనిపోయారు.

మన ఇల్లు చిన్నదే కావచ్చు. కానీ పాఠం ఒక్కటే. గది ఇచ్చేటప్పుడు "ఎంత ఇస్తారు" అని అడిగినట్టే, "దేనికి వాడతారు" అని కూడా అడగాలి. కింద తుక్కు, ప్లాస్టిక్, థిన్నర్, గ్యాస్ సిలిండర్ల నిల్వ, బండ్ల బ్యాటరీల చార్జింగ్ పెట్టి పైన మనుషులు పడుకునే ఏర్పాటుకు ఒప్పుకోకండి. కిరాయి రెండింతలు ఇస్తామన్నా ఒప్పుకోకండి. మెట్ల మీద సామాను పెట్టనీయకండి. ఒక గదిలో ఎంతమంది ఉంటారో ముందే అడిగి రాసుకోండి.

కిరాయిదారు ఆధార్ కాపీ, ఒక ఫోటో, సొంత ఊరి చిరునామా, పని చేసే చోటు, దగ్గరి బంధువు ఫోన్ నంబరు తీసుకోండి. ఆ వివరాలు మీ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. ఇది అనుమానించడం కాదు. రేపు ఏదైనా జరిగితే "నేను వివరాలు ఇచ్చిన" అని చెప్పుకునే ఆధారం. కులం, మతం, ఒంటరి మహిళ అని చూసి ఇల్లు లేదనకండి. ఆ మాట మనకూ ఎక్కడో ఒకచోట ఎదురైందే కదా.

5. పదకొండు నెలల అగ్రిమెంటు సంగతి

"పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని అందరూ అంటారు. దేశంలో చాలా రాష్ట్రాల్లో ఆ మాట నిజం. మన దగ్గర పూర్తిగా నిజం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌గా ఉన్నప్పుడు 1999లో రిజిస్ట్రేషన్ చట్టానికి సవరణ చేశారు. దాంతో ఏడాది లోపు లీజు కాగితాలు కూడా రిజిస్ట్రేషన్ పరిధిలోకి వచ్చాయి.

అంటే ఏమిటి? స్టాంపు కాగితం మీద రాసి, నోటరీ దగ్గర ముద్ర వేయిస్తే అది రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్టర్ కాని కాగితంలో మీరు రాసుకున్న షరతుల్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోకపోవచ్చు. ఆ మనిషి మీ ఇంట్లోకి కిరాయిదారుగా వచ్చాడని చూపించడానికి మాత్రం పనికిరావచ్చు.

మరి ఏం చేయాలి? కిరాయి పెద్దది, లేదా ఎక్కువ ఏండ్లకు ఇస్తున్నారంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఖర్చు ఎంతో అడిగి రిజిస్టర్ చేయించండి. చిన్న పోర్షన్ అయితే ఖర్చు చూసుకుని నిర్ణయించుకోండి. కానీ ఏ కాగితమూ లేకుండా మాత్రం ఇవ్వకండి. రిజిస్టర్ కాని కాగితం కూడా, కిరాయి బ్యాంకు ద్వారా వచ్చిన రికార్డు కూడా, అసలేమీ లేనిదానికన్నా ఎంతో మేలు.

కాగితంలో ఇవి ఉండాలి:

- ఇద్దరి పేర్లు, ఆధార్ నంబర్లు, ఇంటి నంబరు, ఏ అంతస్తు, ఎన్ని గదులు
- నెల కిరాయి ఎంత, ఏ తారీఖు లోపు కట్టాలి
- అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, అందులో నుంచి దేనికి కోయొచ్చు
- కరెంటు, నల్లా, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి. మీటరు నంబర్లు, ఆ రోజు రీడింగు
- ఏడాదికి కిరాయి ఎంత పెరుగుతుంది
- ఇంటి వాడకానికే. వేరేవాళ్లకు మళ్లీ కిరాయికి ఇవ్వకూడదు
- ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి (ఇద్దరికీ ఒకే గడువు పెట్టడం న్యాయం)
- చిన్న రిపేర్లు ఎవరు, పెద్ద రిపేర్లు ఎవరు
- ఇద్దరు సాక్షుల సంతకాలు

తాళంచెవి ఇచ్చే రోజు గోడలు, నల్లాలు, ఫ్యాన్లు, బాత్రూమ్ అన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి కిరాయిదారుకు వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసే రోజు "ఈ పగులు ముందే ఉండె" అన్న తగాదా ఉండదు. సున్నం, రంగు వెలిసిపోవడం మామూలు వాడకమే. దానికి అడ్వాన్స్ మొత్తం పట్టుకోవడం తప్పు.

అడ్వాన్స్ ఎంత తీసుకోవాలి? 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన మోడల్ చట్టంలో ఇంటికి రెండు నెలల కిరాయికి మించి వద్దని ఉంది. రాష్ట్రం తెచ్చుకుంటేనే అది అమలవుతుంది. అయినా కొలతగా పెట్టుకోవడానికి మంచిదే. రెండు నెలల అడ్వాన్స్ తీసుకుంటే మీరు తిరిగి ఇవ్వడమూ తేలికే.

పెద్ద మొత్తానికి లీజు: జాగ్రత్త. నెల కిరాయి లేకుండా ఒకేసారి రెండు, మూడు లక్షలు తీసుకుని రెండేండ్లకు ఇచ్చే పద్ధతి ఉంది. బిడ్డ పెండ్లికో, దవాఖాన ఖర్చుకో ఆ డబ్బు అయిపోతుంది. గడువు అయ్యాక తిరిగి ఇచ్చే దారి ఉండదు. డబ్బు ఇవ్వనిదే వాళ్లు ఖాళీ చేయరు, కిరాయి కూడా రాదు. సొంత ఇంట్లో మీ పోర్షన్ మీ చేతికి రాకుండా పోతుంది. ఆ మొత్తం బ్యాంకులో అలాగే ఉంచగలిగితేనే అటు వెళ్లండి.

6. కిరాయి చేతికి కాదు, ఖాతాకు

కిరాయి మీ బ్యాంకు ఖాతాకు గానీ, ఫోన్‌పే, గూగుల్ పే ద్వారా గానీ తీసుకోండి. చేతికి తీసుకుంటే ఒక నోటుబుక్కులో తారీఖు, మొత్తం, ఏ నెలదో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. కిరాయిదారు రసీదు అడిగితే ఇవ్వాలి. రసీదు ఇచ్చారని ఇల్లు పోదు.

"పన్నెండేండ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుది అయిపోతది" అనే మాట బస్తీల్లో బాగా తిరుగుతుంది. మీ అనుమతితో, కిరాయి కడుతూ ఉన్న మనిషికి ఎన్నేండ్లు ఉన్నా ఇల్లు రాదు. ఓనర్ అనుమతి లేకుండా, ఇది నాదే అని బహిరంగంగా పన్నెండేండ్లు అనుభవిస్తేనే ఆ చట్టం మాట వస్తుంది. అందుకే మీ దగ్గర ఉండాల్సింది ఏమిటి? ఆయన కిరాయిదారు అని చూపించే కాగితం, కిరాయి వచ్చిన రికార్డు. అవి ఆయనకు ఇచ్చే హక్కు కాదు, మీకు ఉండే రక్షణ.

బకాయి అడగడానికి కూడా గడువు ఉంది. ఏ నెల కిరాయి బాకీ పడిందో, దానికి మూడేండ్ల లోపు కోర్టుకు వెళ్లాలి. "ఎప్పుడో ఒకప్పుడు ఇస్తడులే" అని వదిలేస్తే పాత నెలలు ఒక్కొక్కటిగా పోతాయి.

7. ఖాళీ చేయమంటే చేయకపోతే

ముందు చేయకూడని పనులు: గదికి వేరే తాళం వేయడం, సామాను గల్లీలో పెట్టడం, నల్లా కట్టేయడం, కరెంటు ఫ్యూజు తీయడం, మనుషుల్ని పంపి బెదిరించడం. కిరాయి ఆరు నెలలు కట్టకపోయినా సరే, ఇవి చేస్తే తప్పు మీ మీదికి వస్తుంది. కిరాయిదారు పోలీసుల దగ్గరికో, కోర్టుకో వెళ్తే మీ అసలు ఫిర్యాదు వెనక్కి పోతుంది.

చేయాల్సిన పని ఇది. మొదట కూర్చుని మాట్లాడండి. ఒప్పుకుంటే ఏ తారీఖుకు ఖాళీ చేస్తారో రాయించుకోండి. వినకపోతే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. నెల నెలా కిరాయి పద్ధతిలో, వేరే గడువు రాసుకోకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు మీద సంతకం పెట్టి పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

ఏ కోర్టు? ఇది కిరాయి మొత్తాన్ని బట్టి ఉంటుంది. మన రాష్ట్రంలో 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఉంది. మున్సిపల్ కార్పొరేషన్ ప్రాంతంలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటినా, భవనం కట్టి 15 ఏండ్లు కాకపోయినా ఆ చట్టం వర్తించదు. మన పెద్దమ్మ కిరాయి 6,500 కాబట్టి ఆమె వెళ్లాల్సింది సివిల్ కోర్టుకు. పాత ఇంట్లో నెలకు 3,000 కిరాయి ఉన్న గది అయితే రెంట్ కంట్రోలర్ దగ్గరికి. అక్కడ "ఖాళీ చేయమంటున్న" అంటే చాలదు. కావాలని కిరాయి ఎగ్గొట్టడం, అడగకుండా వేరేవాళ్లకు ఇవ్వడం, ఇల్లు మీకే నిజంగా అవసరం కావడం వంటి కారణం చూపించాలి.

కోర్టు అంటే లాయరు ఖర్చుకు భయపడుతున్నారా? మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరు దొరుకుతారు. 15100 నంబరుకు ఫోన్ చేయండి. చాలా కిరాయి తగాదాలు కేసు దాకా పోకుండానే లోక్ అదాలత్‌లో రాజీ అవుతాయి. అక్కడ కోర్టు ఫీజు ఉండదు.

8. ఇంటికి ఇన్సూరెన్స్

2020 అక్టోబర్‌లో నగరంలో కురిసిన వాన గుర్తుంది కదా. మునిగిన ఇండ్లకు ప్రభుత్వం తక్షణ సాయంగా 10,000 రూపాయలు ఇచ్చింది. అది ఆ నాలుగు రోజులు గడవడానికి. కూలిన గోడ కట్టడానికి సరిపోదు.

మీలో చాలామంది బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి, 20 రూపాయల సురక్ష బీమా కట్టారు. మంచిదే, కట్టండి. కానీ అవి మనిషికి ఉన్న బీమా. ఇంటికి కాదు. ఇంటికి వేరేగా తీసుకోవాలి.

2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ "భారత్ గృహ రక్ష" అనే ఒకే రకం పాలసీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మూల షరతులు ఒకటే. ధర మాత్రం మారుతుంది, కాబట్టి రెండు మూడు చోట్ల అడగండి.

ఏం వస్తుంది: అగ్ని ప్రమాదం, పిడుగు, గాలివాన, వరద, భూకంపం, అల్లర్లలో నష్టం, నీళ్ల ట్యాంకు పగిలి జరిగిన నష్టం వంటివి. ఇల్లు ఉండడానికి పనికిరాకుండా పోతే, బాగు చేసేదాకా పోయిన కిరాయి కూడా ఇందులో ఉంటుంది. మన రెండో పింఛన్‌కు ఇదే రక్షణ.

ఎంతకు తీసుకోవాలి: భూమి ధర లెక్కలోకి రాదు. భూమి కాలిపోదు కదా. మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంతే. 400 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 2,000 ఖర్చు అనుకుంటే 8 లక్షలు. ఇంటి సామానుకు ఆ మొత్తంలో 20 శాతం, అంటే 1,60,000 వరకు దానంతట అదే వర్తిస్తుంది. (సామానుకు గరిష్ఠ పరిమితి 10 లక్షలు.)

ఏం రాదు: పాతబడి పడిపోయిన గోడ, ఏండ్ల తరబడి ఉన్న చెమ్మ, కావాలని చేసిన నష్టం, ఇంట్లో దాచిన నగదు. కిరాయిదారు సామాను మీ పాలసీలోకి రాదు. ఆయన తన సామానుకు వేరేగా తీసుకోవచ్చు. ఈ మాట ముందే ఆయనకు చెప్పండి.

ఫారం నింపేటప్పుడు ఒక పోర్షన్ కిరాయికి ఇచ్చామని రాయండి. కింద షాపు ఉంటే అదీ రాయండి. దాచిపెడితే క్లెయిమ్ రోజు అదే సాకు అవుతుంది. నష్టం జరిగితే వెంటనే కంపెనీకి ఫోన్ చేసి, ఫోటోలు తీసి, సర్వేయర్ వచ్చేదాకా కాలిన, తడిసిన సామాను పారేయకుండా ఉంచండి. అగ్ని ప్రమాదమైతే ఫైర్ సర్వీస్ రిపోర్టు తీసుకోండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే అక్కడితో ఆగకండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపు రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వివరాలకు 155255 నంబరుకు ఫోన్ చేయండి.

9. తాళంచెవి ఇచ్చే ముందు ఒక్కసారి చూసుకోండి

☐ ఇల్లు నా పేరు మీద ఉంది. డబుల్ బెడ్‌రూమ్ కేటాయింపు ఇల్లు కాదు
☐ కిరాయితో కలిపి కుటుంబ ఆదాయం లెక్క చూసుకున్నాను
☐ పోర్షన్‌కు వేరే మీటరు ఉంది; రీడింగు రాసుకున్నాను
☐ కిరాయిదారు వివరాలు, ఫోటో తీసుకుని పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాను
☐ దేనికి వాడతారో, ఎంతమంది ఉంటారో రాసుకున్నాం
☐ అగ్రిమెంటు మీద ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు ఉన్నాయి. ఒక కాపీ వాళ్లకు ఇచ్చాను
☐ గదుల ఫోటోలు తీసి పంపాను
☐ కిరాయి ఖాతాకే వస్తుంది
☐ ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది. కిరాయికి ఇచ్చిన సంగతి అందులో రాశాను
☐ ఇంటి పన్ను బకాయి లేదు, రసీదు ఉంది

ఈ కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి, ఫోన్‌లో ఫోటోలు తీసుకుని, ఇంకో కాపీ బిడ్డకో కొడుక్కో పంపండి. వాన వచ్చినా, నిప్పు వచ్చినా ముందు పోయేది ఆ కవరే.

మీ బస్తీలో కిరాయికి ఇచ్చేవాళ్లకు, కిరాయికి ఉండేవాళ్లకు కూడా ఈ పీడీఎఫ్ పంపండి. ఇద్దరూ చదివి కూర్చుంటే, రాసుకునే కాగితం ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది.